ఊరుమ్మడి దొంగలవేట

పోలీసు ఠాణా లేదు, జవాను లేడు, వీథిదీపము లేదు. 13వ శతాబ్దినాటి ఇంగ్లండులో ఒక చిన్న పల్లె. నడిరేయి ఒక రైతు అలికిడి విని లేచి కొట్టములోనికి పోయి చూచును. గాటను కట్టిన ఎద్దు లేదు. అప్పుడతడు చేయవలసిన మొదటి పని కేకవేయుట. కొమ్ముబూర యున్నచో ఊదుట. ఆ కేక వినిన ప్రతివాడును చేతికందిన కర్రయో, కత్తియో, విల్లో తీసికొని వీథిలోనికి రావలెను. దొంగ పోయిన దిక్కున పరుగెత్తవలెను. పొలిమేర వచ్చినదని వెనుదిరుగుటకు వీలులేదు. పొరుగూరివారిని లేపి, జాడను వారికి చూపి అప్పగింపవలెను. వారు ఆపై యూరివారిని లేపవలెను. ఈ రీతిగా ఒక ఊరి కేక మరియొక ఊరికి ప్రాకుచు, దొంగ దొరకువరకును సాగవలెను.

దీనికి 'హ్యూ అండ్ క్రై' అని పేరు. రెండు మాటలకును అర్థమొక్కటే. మనము గోలయు గగ్గోలును అన్నట్లు, ఒకే అర్థము గల మాటలను జంటగా పలికిరి. కేక విని లేవనివాడు, లేచియు కదలనివాడు జుల్మానా చెల్లించుకొనవలెను. "గాఢనిద్రలో నుంటిని, వినబడలేదు" అను సమాధానము చెల్లుట కష్టము. దొంగ దొంగిలించిన సొత్తుతోడనే పట్టుబడినచో, తొలినాళ్లలో వానికి తన పక్షమున చెప్పుకొను అవకాశమైనను ఉండెడిది కాదు.

నేరస్థులను పట్టుటలో ప్రజల సహకారము కావలెనని నేడు తరచుగా వినుచుందుము. సహకారమనగా ఇష్టమున్నవాడు ఇచ్చునది. మధ్యయుగపు ఇంగ్లండు దస్త్రములను చూచినచో కనబడునది సహకారముకంటె బాధ్యత, బాధ్యతకంటె జుల్మానా. రాజునకు జీతమిచ్చి పెట్టుకొన్న రక్షకభటులు లేరు. ఆ పనిని ఆయన ఊరిమీద నుంచెను. ఊరు చేయనిచో ఊరినుండి సొమ్ము గుంజెను. అయితే తలపై పడిన ఆ బరువును ఊరు తనకు తోచిన రీతిగానే మోసినది. ఎవరిని పట్టవలెను, ఎవరిని విడువవలెను అను విషయములో ఊరిబుద్ధి వేరు, రాజాజ్ఞ వేరు. ఈ రెంటికిని నడుమ జరిగిన పెనుగులాటయే ఈ ప్రసంగమునకు విషయము.

ఇంగ్లండును 924 మొదలు 939 వరకు ఏలిన ఆథెల్‌స్టన్ రాజు కాలములో లండను ప్రాంతపు బిషప్పులును, రీవులని పిలువబడు రాజోద్యోగులును కలిసి ఒక కట్టుబాటు చేసికొనిరి. ఆ శాసనము నేటికిని నిలిచియున్నది. చదివినచో ఒక ఊరిపెద్దల సభలో కూర్చున్నట్లే యుండును. పదుగురికొక జట్టు, జట్టునకొక నాయకుడు, అట్టి పది జట్లకు మరల ఒక పెద్ద. ప్రతి సభ్యుడును ఏటికి 4 పెన్నీలు ఉమ్మడినిధికి చెల్లింపవలెను. దొంగను వెదకుటకగు ఖర్చునకు మరియొక చందా గలదు. భూమిలేని పేద విధవరాలికి మాత్రము ఆ చందానుండి మినహాయింపు. సభ్యుని ఎద్దు దొంగలపాలైనచో నిధినుండి 30 పెన్నీలు, ఆవు పోయినచో 20, పంది పోయినచో 10 పెన్నీలు ఇత్తురు. దొంగను ముందుగా చంపినవానికి 12 పెన్నీల బహుమానము. నెలకొకసారి పెద్దలు కూడి లెక్కలు చూచుకొని, కలిసి భోజనము చేసి, మిగిలినదానిని దేవుని పేర పేదలకు పెట్టవలెను.

ఇది నేటి భీమా సంఘమువలెనే యున్నదని శ్రోతలకు తోచవచ్చును. భీమా ఉన్నచోట మోసమును ఉండును గదా. పశువు పోయిన 3 దినములలో ఇరుగుపొరుగువారికి తెలుపనివానికి పరిహారము లేదని ఆ కట్టుబాటులోనే వ్రాసికొనిరి. కాపులేక విడిచిన పశువునకు తాము సొమ్ము ఇయ్యమనియు, కల్లబొల్లి మాటలతో పరిహారము కోరువారు పలువురు గలరనియు పెద్దలు స్పష్టముగ చెప్పుకొనిరి. వేయి సంవత్సరములకు పైబడిన ఈ మాటలు నిన్న మొన్నటివిగా వినబడును. అదే శాసనములో మరియొక మాట గలదు. చిన్న నేరములకు పసివాండ్రను చంపుట చూచి రాజునకు మనసు నొచ్చినదట; ఎదురుతిరిగిన సందర్భములో దక్క, 15 ఏండ్లు నిండనివానిని చంపరాదని ఆజ్ఞ యిచ్చెను. అంతకుముందు 12 ఏండ్లు దాటినవాడు ఉరికి అర్హుడుగా నుండెను!

పశువు పోయినచో జాడ పట్టుట మొదటిపని. జాడ ఎవరి పొలిమేరలో ప్రవేశించినదో ఆ సీమవారు దానిని అందుకొని ముందునకు నడపవలెను. తమ సీమ దాటించినట్లు చూపలేనిచో బాధ్యత వారిదే. ఈ న్యాయము మనకు కొత్తది కాదు. యాజ్ఞవల్క్యస్మృతిలో సరిగా ఇదే గలదు. దొంగ జాడ ఊరు దాటి పోనిచో గ్రామాధిపతిది దోషము. తన పొలిమేరలో చోరి జరిగినచో, లేదా జాడ తనయందే ముగిసినచో, పోయిన సొత్తును గ్రామము ఇచ్చుకొనవలెను. ఊరికి క్రోశెడు దూరమునకు ఆవల జరిగినచో చుట్టునున్న 5 ఊళ్లో 10 ఊళ్లో కలిసి ఇచ్చుకొనవలెను. ఆ స్మృతికి కల్యాణ చాళుక్యుల ఆస్థానమున విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. 13వ శతాబ్దిలో కేతన ఆ గ్రంథము ననుసరించియే విజ్ఞానేశ్వరీయమును తెలుగున రచించెను. ఒకరినొకరు ఎరుగని రెండు దేశములవారు ఒకే నిర్ణయమునకు వచ్చుటలో వింత లేదు. మట్టిమీద పడిన డెక్కగుర్తును చదువనేర్చినవాడు ఊరివాడే. పై అధికారికి అది చేతగాదు.

1066లో నార్మనులు ఇంగ్లండును జయించిరి. ఆ తరువాత పాతకట్టుబాట్లు పోలేదు, బిగిసినవి. కొత్తగా వచ్చిన దొరలకు ప్రాణభయము మెండు. ఎవడైనను హతుడై, చంపినవాడు దొరకనిచో, ఆ హతుడు ఆంగ్లేయుడే యని బంధువులు రుజువు చేయవలెను. చేయలేనిచో వాడు నార్మనుడని ఎంచి, ఆ ప్రాంతమంతటిమీదను 'మర్డ్రమ్' అను జుల్మానా వేసిరి. ఆ ప్రాంతమునకు 'హండ్రెడ్' అని పేరు. మన ఫిర్కావంటిదని అనుకొనవచ్చును. రెండు జాతులును కలిసిపోయి ఎవడు నార్మనుడో ఎవడు ఆంగ్లేయుడో తెలియని కాలము వచ్చిన పిదపను ఈ జుల్మానా సాగుచునే యుండెను. ఖజానాకు అలవాటైన రాబడి సులభముగా పోదు. 1340లో గాని దానిని రద్దుచేయలేదు.

'ఫ్రాంక్‌ప్లెడ్జ్' అను జామీను పద్ధతియు ఈ కాలముననే స్థిరపడినది. 12 ఏండ్లు నిండిన మగవాడెల్లను పదుగురి జట్టులో, కొన్ని తావుల ఊరంతయు నొకటైన జట్టులో, చేరవలెను. జట్టులో ఒకడు నేరముచేసినచో తక్కినవారు వానిని పట్టి తెచ్చి నిలుపవలెను. వాడు పారిపోయినచో అందరును జుల్మానా చెల్లింపవలెను. రాజప్రతినిధియైన షెరీఫ్ ఏటికి రెండుమార్లు వచ్చి జట్లు సరిగా నున్నవో లేవో తనిఖీ చేయును. స్త్రీలు, మతగురువులు, గొప్ప ఇండ్లవారు ఈ జట్లలో లేరు. ఇంగ్లండు ఉత్తరపు కౌంటీలలో ఈ పద్ధతియే లేదు. ఉన్నచోట మాత్రము దాని ఫలితమును ఊహించుట కష్టము కాదు. పొరుగువాడు రాత్రివేళ ఎచ్చటికి పోవుచున్నాడు, వాని యింటికి వచ్చిన కొత్తమనిషి ఎవరు అనునది అందరికిని అవసరమైన సంగతియైనది. వాని తప్పునకు నా సంచి విప్పవలసివచ్చును గదా!

రెండవ హెన్రీరాజు 1166లో క్లారెండన్ శాసనము చేసెను. ప్రతి హండ్రెడ్‌నుండి 12 మందియు, ప్రతి యూరినుండి నలుగురును ప్రమాణము చేసి, తమలో దొంగలనియు హంతకులనియు పేరుపడినవారెవరో చెప్పవలెను. పేరు చెప్పబడినవానికి జలపరీక్ష పెట్టుదురు. కట్టి నీటిలో దింపినప్పుడు మునిగినవాడు నిర్దోషి, తేలినవాడు దోషి. ఆ పరీక్షలో గెలిచినను, ఊరివారిలో చెడ్డపేరు గలవాడైనచో, 8 దినములలో దేశము విడిచి పోవలెనని శాసనము. దేవుడు నిర్దోషి యన్నను పొరుగువారు కాదన్నచో వాడు పోవలసినదే. 1215లో రోమునందు జరిగిన క్రైస్తవ మహాసభ ఇట్టి పరీక్షలలో మతాచార్యులు పాల్గొనరాదని నిషేధించెను. నాటితో పరీక్షలు ఆగిపోగా తీర్పుభారమును పొరుగువారిమీదనే పడినది. ఇంగ్లండు జూరీవిచారణకు మూలమిదియే.

ఇచ్చట కథ అడ్డము తిరిగినది. పొరుగువాని గుట్టు తెలిసినవాడు పొరుగువానిని పట్టించునని రాజు తలచెను. గుట్టు తెలిసినవాడే దాచగలడు కూడ.

1249లో జరిగిన యొక వృత్తాంతమును మాథ్యూ పారిస్ అను సన్న్యాసి తన చరిత్రగ్రంథములో వ్రాసిపెట్టెను. హాంప్‌షైరు సీమలో ఆల్టన్ కనుమదారి అడవులనడుమ పోవును. వర్తకులు లండనునకును వించెస్టరునకును నడుమ ఆ దారిని నడచుచుండిరి. దొంగలు అచ్చటనే పొంచియుండిరి. బ్రబంట్ దేశపు వర్తకులిద్దరు మూడవ హెన్రీరాజు వించెస్టరులో నుండగా వచ్చి మొరపెట్టుకొనిరి. తమ 200 మార్కుల ధనము దోచుకొనబడినదనియు, దోచినవారిని తాము రాజుగారి పరివారములోనే చూచితిమనియు చెప్పిరి. న్యాయము చేయనిచో తమ దేశములో ఇంగ్లీషు వర్తకులకు ఇబ్బంది కలుగునని సూచించిరి. రాజు ఆ సీమలోని పెద్దలను పిలిపించి, 12 మందిని ఎన్నుకొని, దొంగలెవరో చెప్పుడనెను. వారు చాలసేపు గుసగుసలాడి, ఏమియు చెప్పమనిరి. కారణము రాజునకు తెలియును: దొంగలకును ఆ పండ్రెండుగురికిని సంబంధ బాంధవ్యములు గలవు. రాజు ఆగ్రహించి కోట తలుపులు మూయించి, వారిని బంధించి చెరలో త్రోయించి, మరియొక 12 మందిని ఎన్నుకొనుడనెను. మొదటివారి గతిని చూచిన రెండవవారి నోళ్లు తెరచుకొనినవి! పేర్లు వరుసగా వచ్చినవి. వారిలో కలవారు గలరు, పలుకుబడి గలవారు గలరు, రాజుగారి సొంత పరిచారకులును గలరు. సుమారు 30 మందిని ఉరితీసిరి. ఆ పరిచారకులు చనిపోవుచు, తమ జీతములను రాజు చెల్లింపకపోవుటచేతనే తాము దొంగలమైతిమని చెప్పిరని పారిస్ వ్రాసినాడు. దోపిడికది సమర్థన కాదుగాని, జీతమీయని ప్రభువునకు మంచి జవాబే.

ఇందులో నన్ను ఆకర్షించునది ఉరులు కావు, మొదటి పండ్రెండుగురి మౌనము. వారిని పిరికివారనుటకు లేదు. పిరికివారైనచో రాజునెదుట నోరు మూసికొని యుండలేరు. వారి దృష్టిలో దోచుకొనబడినవాడు పరదేశి; దోచినవాడు మేనల్లుడో వియ్యంకుడో. పరదేశి రేపు పోవును, వియ్యంకుడు ఇచ్చటనే యుండును.

1285లో మొదటి ఎడ్వర్డు చేసిన ప్రసిద్ధ వించెస్టర్ శాసనము ఈ రోగమును పేరుపెట్టి చెప్పినది. జూరీవారు పరులకు జరిగిన దోపిడిని ఉపేక్షింతురే గాని, తమ సీమవారైన నేరస్థులను చూపరని దాని పీఠికలోనే గలదు. దానికి రాజు కనుగొన్న మందు మరల జుల్మానాయే. దోపిడి జరిగిన 40 దినములలో దొంగలను అప్పగింపనిచో, ఆ హండ్రెడ్‌వారందరును కలిసి నష్టమును పూడ్చవలెను. నగరద్వారములను ప్రొద్దుక్రుంకినది మొదలు ప్రొద్దుపొడుచువరకు మూసియుంచవలెను. వేసవి ఆరంభపు అసెన్షన్ పండుగనుండి సెప్టెంబరు చివరి మైకెల్మస్ పండుగవరకు రాత్రికావలి నడుపవలెను. నగరమునందైనచో ద్వారమునకు ఆరుగురు, పల్లెలో జనసంఖ్యను బట్టి ఆరుగురో నలుగురో. రాత్రి వచ్చిన కొత్తవానిని తెల్లవారువరకు నిలిపియుంచవలెను. సంతపట్టణములనడుమ నున్న రాజమార్గమునకు ఇరుప్రక్కల 200 అడుగులవరకు పొదలను కొట్టివేయవలెను. పెద్దవృక్షములను మాత్రము ఉంచవచ్చును. 15 మొదలు 60 ఏండ్లవరకు గల ప్రతి పురుషుడును తన ఆస్తికి తగిన ఆయుధమును ఇంట నుంచుకొనవలెను. కలవానికి కవచము, ఇనుపటోపి, కత్తి, గుఱ్ఱము, లేనివానికి విల్లమ్ములు. ప్రతి హండ్రెడ్‌నకు ఇద్దరు కాన్‌స్టేబుళ్లు ఆయుధములను ఏటికి రెండుమార్లు చూడవలెను.

పొదలు కొట్టుట, గడపలో ఆయుధముంచుట సులభము. పగలంతయు పొలములో పాటుపడినవాడు రాత్రి ద్వారముకడ నిలుచుట అంత సులభము కాదు. ఇంతకంటె పెద్ద బాధ మరియొకటి గలదు. నేరస్థుడు పరుగెత్తి చర్చిలో దూరినచో వానిని అచ్చట ముట్టుకొనరాదు. 40 దినములవరకు వానికి శరణు. ఆ 40 దినములును రేయింబవళ్లు చర్చిచుట్టు కావలి కాయవలసినవారు ఊరివారు. వాడు తప్పించుకొనిపోయినచో జుల్మానా ఊరిదే. లోపలివాడు మరణవిచారణాధికారియైన కరోనరు ఎదుట నేరమొప్పుకొని, దేశము విడిచెదనని ప్రమాణము చేసినచో, శిలువ చేతబట్టి, నిర్ణీతమైన రేవునకు రాజమార్గము తప్పక నడచిపోవలెను. ఓడరేవుకు చేరినవారెందరో, దారిలో పొదలమాటున శిలువను పారవేసి మాయమైనవారెందరో!

శవము కనబడినను ఇట్టిదే చిక్కు. మొదట చూచినవాడు కేకవేయవలెను; వానిని, చుట్టునున్న నాలుగిండ్లవారిని కరోనరు పిలిపించును. ఆయన రాకముందే పూడ్చినచో ఊరికి జుల్మానా. ఇట్టి స్థితిలో గుంటలో శవము కనబడినవాడు ప్రక్కకు చూచుచు నడచిపోవుటలో ఆశ్చర్యమేమి? చట్టము భయపెట్టి కన్నులు తెరిపింపబోయినది. ఆ భయమే కొన్ని కన్నులను మూయించినది.

తుదకు పట్టుబడి, పేరు చెప్పబడి, విచారణకు వచ్చినవాని గతి యేమి? 14వ శతాబ్ది పూర్వార్ధపు దస్త్రములను పరిశీలించిన చరిత్రకారులు చెప్పునదేమనగా, జూరీయెదుట నిలిచిన నిందితులలో దోషులని తేలినవారు సుమారు నాలుగవవంతు మాత్రమే. 12 పెన్నీలకు మించిన దొంగతనమునకు శిక్ష ఉరి. అందుచేత దొంగిలించిన సొత్తు ఖరీదును 12 పెన్నీలకు లోబడునట్లు కట్టుట జూరీవారు నేర్చిన ఉపాయము. గొఱ్ఱెను దొంగిలించిన పేదవానిని చూచి వారు గొఱ్ఱె ధరను తగ్గించిరి. రాజశాసనములో దయకు చోటు లేకపోగా, లెక్కలో దానికి చోటు కల్పించిరి. ఇదియు ఊరిబుద్ధియే. దీనిని మెచ్చుకొనక తప్పదు.

అయితే ఆ దయ అందరికిని సమముగ దొరకలేదు. తెలిసినవానికి గొఱ్ఱె ధర తగ్గును. ఊరూరు తిరుగు కూలివానికి, బిచ్చగానికి, జామీనుగా నిలుచు పదుగురు లేనివానికి తగ్గుట అరుదు. పారిపోయినవానిని కౌంటీసభలో వరుసగా పలుమార్లు పిలిచి, రానిచో చట్టమునకు వెలియైనవాడని ప్రకటింతురు. వానికి 'తోడేటి తల' అని పేరు. తొలిదినములలో తోడేలును చంపినట్లే వానిని ఎవడైనను చంపవచ్చును. ఊరికి చుట్టమైనవాడు అడవిలో నున్నను వానికి రొట్టె అందుచుండెడిది. చుట్టము కానివానికి అడవియే శిక్ష.

కేకవేయుటకును లెక్క గలదు. ఊరికోర్టు దస్త్రములలో ఫలానామె న్యాయముగా కేకవేసినది, ఫలానావాడు అన్యాయముగా కేకవేసినాడు అని నమోదులు కనబడును. అన్యాయపుకేకకు జుల్మానా. పదుగురి జట్లలో చేరని స్త్రీలు ఈ కేకను మాత్రము ధారాళముగ వాడుకొనిరి. కొట్టవచ్చిన మగవానిమీద, ఇల్లు చొరబడినవానిమీద ఆమెకున్న ఆయుధము గొంతు. ఆ గొంతునకు ఊరు లేచి రావలసియుండెను. ఈ చట్టమంతటిలో బలహీనులకు నిజముగ అక్కరకు వచ్చిన భాగమిదియే యని నా అభిప్రాయము.

మన తెలుగుసీమలో ఈ బరువును ఊరు వేరొక రీతిగా దించుకొన్నది. కావలికానికి మేరలును మాన్యములును ఇచ్చి, దొంగతనము జరిగినచో పట్టుటయో, పోయిన సొత్తు విలువ నిచ్చుటయో వానిమీదనే పెట్టినది. అందరును పరుగెత్తుటకు బదులు, అందరును కలిసి పరుగెత్తువానిని పోషించిరన్నమాట. ఇంగ్లీషువారు మద్రాసు రాజధానిలో 1816 రెగ్యులేషను ప్రకారము గ్రామరక్షణమును మునసబుకు అప్పగించి, తలారిని వానికి తోడిచ్చిరి. ఆంధ్రప్రదేశములో వంశపారంపర్యపు గ్రామోద్యోగములు 1984లో రద్దయినవి.

ఇంగ్లండులో సైతము తరువాతికాలపు ఊళ్లవారు తమ వంతు కావలికి కూలివానిని పంపజొచ్చిరి. 1829లో లండనునకు జీతపుపోలీసులు వచ్చిరి. అంతకు రెండేండ్లముందే, 1827లో, వించెస్టర్ శాసనమును రద్దుచేసిరి. దోపిడికి హండ్రెడ్ నష్టపరిహారమిచ్చు బాధ్యతయు నాటితో పోయి, అల్లరిమూకలు చేసిన నష్టమునకు మాత్రము మిగిలినది. 1886లో దానిని పోలీసుపన్నులోనికి మార్చిరి. 'హ్యూ అండ్ క్రై' అను పేరు మాత్రము 19వ శతాబ్దిలో ఒక పోలీసు పత్రిక శీర్షికలో నిలిచినది. పారిపోయిన నేరస్థుల ఆనవాళ్లును, పోయిన గుఱ్ఱముల రంగులును అందులో అచ్చుపడుచుండెడివి.